మీ అపార్ట్‌మెంట్ గ్రూపును వాట్సాప్ నుంచి ఓపెన్ సోర్స్ యాప్‌కి మార్చడం ఎలా

విశాఖలో ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో నలభై ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. అసోసియేషన్ గ్రూపులో ఎనభై మంది దాకా ఉంటారు. కొత్తగా అద్దెకి దిగినావిడను యాడ్ చేసిన మరుక్షణం ఆవిడ ఫోన్ నంబరు ఆ ఎనభై మందికీ తెలిసిపోతుంది. అందులో ఆవిడకు ముఖపరిచయం ఉన్నవాళ్లు ఏ నలుగురో ఐదుగురో. ఖాళీ చేసి గాజువాక వెళ్లిపోయినవాళ్లను గ్రూపులోంచి తీసేసినా అందరి నంబర్లూ వాళ్ల ఫోన్లలో మిగిలే ఉంటాయి. చాలా ఇళ్లలో ఆడవాళ్లు ఇలాంటి గ్రూపుల్లో చేరకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఇంటికి ఒక నంబరు చాల్లెమ్మని భర్త నంబరు ఇచ్చేస్తారు. తీరా చూస్తే నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో, లిఫ్ట్ ఎప్పుడు బాగవుతుందో తెలియాల్సింది పగలంతా ఇంట్లో ఉండేవాళ్లకి. మెసేజ్ చేరేది మాత్రం స్టీల్ ప్లాంట్‌లో డ్యూటీలో ఉన్నాయనకి.

ఈ ఒక్క ఇబ్బంది తీరడానికైనా గ్రూపు మార్చుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. మిగతా కారణాలు కూడా ఉన్నాయి.

వాట్సాప్‌లో మెసేజ్‌లకు 2016 నుంచీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఇంకెవరూ చదవలేరు. ఆ పద్ధతి తయారుచేసింది సిగ్నల్ అనే ఓపెన్ సోర్స్ యాప్ వాళ్లే. కానీ మెసేజ్‌లో ఏముందన్నది ఒక సంగతి. ఎవరు ఏ గ్రూపులో ఉన్నారు, ఎవరితో ఏ వేళప్పుడు మాట్లాడుతున్నారు, ఏ ఫోన్ వాడుతున్నారు అన్నది ఇంకో సంగతి. ఈ రెండోది కంపెనీ చేతిలో ఉంటుంది. 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ను కొనుక్కుంది. 2021 జనవరిలో ప్రైవసీ పాలసీ మారుస్తున్నామని, ఒప్పుకుంటేనే వాడుకోవచ్చని నోటీసు పెట్టింది. దాని మీదే మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు (ఫేస్‌బుక్ కంపెనీ కొత్త పేరు) రూ. 213.14 కోట్ల జరిమానా వేసింది. 2021 అక్టోబరు 4 రాత్రి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి ఆగిపోయి దాదాపు ఆరు గంటలు లేవలేదు. అలాంటి రాత్రి మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అందరికీ ఎలా చెబుతారు? ఒక్క కంపెనీ మీదే ఆధారపడితే వచ్చే చిక్కు అది.

ఓపెన్ సోర్స్ అంటే యాప్ ఎలా పనిచేస్తుందో చెప్పే కోడ్ మొత్తం బయట పెట్టి ఉంటుంది. తెలిసినవాళ్లు ఎవరైనా చదివి, చెప్పినట్టే చేస్తోందో లేదో చూడొచ్చు. తయారుచేసినవాళ్లు రేపు దారి తప్పితే అదే కోడ్ తీసుకుని ఇంకొకళ్లు నడపొచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఫోన్లో ఉండే యాప్ ఒకటి, దాని వెనక మెసేజ్‌లు చేరవేసే కంప్యూటర్, అంటే సర్వర్ ఒకటి. టెలిగ్రామ్ యాప్ కోడ్ బయట ఉంది, సర్వర్ కోడ్ లేదు. పైగా టెలిగ్రామ్ గ్రూపులకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేనే లేదు, ఇద్దరి మధ్య సీక్రెట్ చాట్‌కే ఉంది. చెన్నై జోహో వాళ్ల అరట్టై మన దేశపు యాపే, కానీ ఓపెన్ సోర్స్ కాదు. వాటిని వాడొద్దని అనడం లేదు. ఈ వ్యాసంలో మాత్రం వాటి జోలికి వెళ్లను.

ముందు కాగితం మీద

ఏ యాప్ దింపుకోవాలా అని ఆలోచించే ముందు మీ గ్రూపులో గత వారం మెసేజ్‌లన్నీ వెనక్కి తిప్పి చదవండి. ఏవి ఏ రకమో రాసుకోండి. ఎక్కువగా నోటీసులేనా? మెయింటెనెన్స్, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) నీళ్లు, జనరేటర్ డీజిల్ లాంటివి? లేక నాలుగైదు పనులు ఒకేసారి నడుస్తూ ఒకదాని మెసేజ్‌లు ఇంకోదానిలో కలిసిపోతున్నాయా? ఎంతమంది అరవై దాటినవాళ్లు? ఎంతమందికి ఫోన్లో ఖాళీ జాగా లేదు? ఇవి తెలిస్తే యాప్ దానంతటదే తేలుతుంది.

నోటీసులు, కబుర్లు మాత్రమే ఐతే, పెద్దవాళ్లు ఎక్కువగా ఉంటే సిగ్నల్. పనులు ఎక్కువ ఉన్న సేవా బృందానికో ప్రాజెక్టు చేసే పిల్లలకో జూలిప్. సొంత సర్వర్ పెట్టుకోగల సంస్థకు మ్యాట్రిక్స్. ఫోన్ నంబరు అసలు ఎక్కడా ఇవ్వనక్కర్లేని చిన్న స్నేహితుల గుంపుకు డెల్టా చాట్. స్లాక్ లాంటి ఆఫీసు చాట్ కావాల్సిన రుషికొండ ఐటీ ఆఫీసులకు మ్యాటర్‌మోస్ట్, రాకెట్ చాట్ ఉన్నాయి. అవి ఆఫీసు పనులకే, ఇళ్లకు బరువు.

చాలామందికి పనికొచ్చేది సిగ్నల్ కాబట్టి దాన్నే నిదానంగా చెబుతాను.

సిగ్నల్‌లో గ్రూపు కట్టడం

సిగ్నల్‌ను నడిపేది లాభాపేక్ష లేని ఫౌండేషన్. వాట్సాప్ పెట్టిన ఇద్దరిలో ఒకరైన బ్రయాన్ ఆక్టన్ అక్కడి నుంచి బయటికొచ్చి, 2018లో 5 కోట్ల డాలర్లు ఇచ్చి సిగ్నల్ యాప్ తయారుచేసిన మోక్సీ మార్లిన్‌స్పైక్‌తో కలిసి ఈ ఫౌండేషన్‌ను మొదలుపెట్టారు. ప్రకటనలు ఉండవు. గ్రూపులో వెయ్యి మంది దాకా పడతారు, ఎంత పెద్ద అపార్ట్‌మెంట్‌కైనా చాలు.

ముందుగా మీరు, ఇంకో ఇద్దరు మాత్రమే దింపుకోండి. అసోసియేషన్ సెక్రటరీ గారు తప్పకుండా ఉండాలి. ఆయన లేకుండా మొదలుపెడితే రేపు జనరల్ బాడీలో "ఎవరిని అడిగి పెట్టారు?" అన్న మాట వస్తుంది. ప్లే స్టోర్‌లో వెతికితే ఇలాంటి పేర్లతోనే వేరే యాప్‌లు కూడా కనిపిస్తాయి. కింద తయారీదారు పేరు సిగ్నల్ ఫౌండేషన్ అని ఉందో లేదో చూసి ఇన్‌స్టాల్ చేయండి.

నంబరు ఇచ్చి ఓటీపీ కొట్టాక యాప్ ఒక పిన్ పెట్టుకోమంటుంది. చాలామంది దీన్ని తొందరలో ఏదో ఒకటి కొట్టేసి మరిచిపోతారు. ఇది ఓటీపీ కాదు, ఫోన్ పోయినా మీ అకౌంట్ మళ్లీ మీకు దక్కడానికి పెట్టుకునే నంబరు. ఇంట్లో గ్యాస్ బుక్, కరెంటు బిల్లులు పెట్టే డైరీలో రాసి ఉంచండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళ్లి రిజిస్ట్రేషన్ లాక్ ఆన్ చేయండి. ఎవరైనా మీ పేరున డూప్లికేట్ సిమ్ తీసుకున్నా పిన్ లేకుండా మీ అకౌంట్ తెరవలేరు.

ఇప్పుడు అసలు సంగతి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో ఫోన్ నంబర్. నా నంబరు ఎవరికి కనిపించాలి అన్నచోట ఎవరికీ వద్దు అని ఉండాలి. 2024 ఫిబ్రవరి తర్వాత మొదటి నుంచీ అలాగే వస్తోంది, అయినా ఒకసారి చూసుకోండి. ఇలా ఉంటే గ్రూపులో మీ పేరు మాత్రమే కనిపిస్తుంది. మీ నంబరు ముందే సేవ్ చేసుకున్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు తెలియదు. నంబరు పెట్టి నన్ను ఎవరు వెతకొచ్చు అనే ఇంకో ప్రశ్న దాని కిందే ఉంటుంది. అది ఎవరిష్టం వాళ్లది. గ్రూపులో కొత్తగా పరిచయమైనవాళ్లు విడిగా మాట్లాడాలనుకుంటే ఇవ్వడానికి ఒక యూజర్ నేమ్ పెట్టుకోవచ్చు, చివర్లో కనీసం రెండు అంకెలు ఉంటాయి, కావాలంటే మార్చుకోవచ్చు. రిజిస్టర్ కావడానికి మాత్రం ఫోన్ నంబరు కావాల్సిందే. అంటే సిగ్నల్‌కు మీ నంబరు తెలుసు, మూడో అంతస్తు ఆయనకు తెలియదు. మనకు కావాల్సింది ఈ రెండోదే.

ఆడవాళ్లకు గ్రూపు గురించి చెప్పేటప్పుడు ఈ స్క్రీన్ తెరిచి చూపించండి. "నంబరు ఎవరికీ కనిపించదండి, ఇదిగో చూడండి" అని చూపిస్తే, అంతకుముందు పది కారణాలు చెప్పినా చేరనివాళ్లే చేరతారు.

తర్వాత గ్రూపులు రెండు పెట్టండి. ఒకటి నోటీసు బోర్డు, రెండోది కబుర్లు. గ్రూపు సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ అని ఉంటుంది. నోటీసు బోర్డులో మెసేజ్‌లు పంపేది అడ్మిన్లు మాత్రమే అని మార్చండి. కబుర్ల గ్రూపులో అందరూ మాట్లాడొచ్చు, కానీ కొత్తవాళ్లను యాడ్ చేయడం, పేరు, ఫొటో మార్చడం అడ్మిన్లకే ఉంచండి. ఈ విభజన ఒక్కటే సగం గొడవలు తగ్గిస్తుంది. శుక్రవారం శుభాకాంక్షల మధ్యలో ట్యాంకర్ రావడం లేదన్న మెసేజ్ మునిగిపోదు.

అడ్మిన్లు కనీసం ముగ్గురు ఉండాలి, అందులో ఒకరు ఆడవాళ్లు. ముగ్గురూ ఒకే కుటుంబం వాళ్లు కాకూడదు. అందరి పిల్లలూ బెంగళూరులోనో అమెరికాలోనో ఉండే అపార్ట్‌మెంట్లలో అడ్మిన్‌గా ఉన్న పెద్దాయన ఆరు నెలలు అక్కడికి వెళ్లిపోతే ఇక్కడ గ్రూపు నడిపే దిక్కుండదు.

గ్రూప్ లింక్ ఆన్ చేయండి, దాంతోపాటు కొత్తవాళ్లను అడ్మిన్ ఒప్పుకోవాలి అన్న బటన్ కూడా ఆన్ చేయండి. ఆ లింక్‌కు యాప్ ఒక క్యూఆర్ కోడ్ ఇస్తుంది. ప్రింట్ తీసి లిఫ్ట్ పక్కన అంటించొచ్చు. లిఫ్ట్ ఎక్కేది మనవాళ్లే కాదు, కొరియర్ కుర్రాళ్లు, ఏసీ మెకానిక్‌లు కూడా. అందుకే అడ్మిన్ ఒప్పుకోలు తప్పనిసరి. రిక్వెస్ట్ పెట్టినవాళ్ల పేరు మాత్రమే అడ్మిన్‌కు కనిపిస్తుంది కాబట్టి, స్కాన్ చేశాక ఇంటర్‌కామ్‌లో ఫ్లాట్ నంబరు చెప్పాలని ఆ కాగితం మీదే రాయండి. సెక్రటరీ దగ్గర ఏ ఫ్లాట్ నుంచి ఎవరు చేరారో ఒక నోట్ పుస్తకంలో ఉండాలి.

ఈ క్యూఆర్ విషయంలో ఒక మోసం తిరుగుతోంది. గ్రూపులో చేరండి అంటూ ఇచ్చే క్యూఆర్ నిజానికి మీ అకౌంట్‌ను మోసగాడి కంప్యూటర్‌కు కలిపేదై ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో గూగుల్ భద్రతా విభాగం యుక్రెయిన్ యుద్ధంలో ఇలాంటివి జరుగుతున్నాయని బయటపెట్టింది. గుర్తుపట్టడం తేలికే. గ్రూపులో చేరేటప్పుడు గ్రూపు పేరు, చేరతారా అన్న ప్రశ్న వస్తాయి. పరికరాన్ని లింక్ చేయమంటారా అని అడిగితే వెంటనే వెనక్కి వచ్చేయండి. నెలకోసారి సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ చూసి, మీది కాని కంప్యూటర్ ఏదైనా కనిపిస్తే తీసేయండి. నోటీసు బోర్డులో మొదటి నోటీసు ఇదే పెట్టండి.

మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు కూడా ఉంది. కబుర్ల గ్రూపుకు నాలుగు వారాలు పెట్టండి. ఫోన్లో జాగా మిగులుతుంది, ఎప్పుడో కోపంలో అన్న మాట మళ్లీ తవ్వి తీసే అవకాశం ఉండదు. నోటీసు బోర్డుకు మాత్రం పెట్టొద్దు. కొత్తగా చేరినవాళ్లకు అంతకుముందు మెసేజ్‌లు కనిపించవని కూడా గుర్తుంచుకోండి. అందుకే రూల్స్, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ నంబర్లు గ్రూప్ డిస్క్రిప్షన్‌లో క్లుప్తంగా ఉంచాలి.

ఇక బ్యాకప్. సిగ్నల్ మెసేజ్‌లు మీ ఫోన్లోనే ఉంటాయి. బ్యాకప్ ఆన్ చేయకుండా ఫోన్ పోతే అవి పోయినట్టే. సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఆన్ చేసినప్పుడు ఒక పొడవాటి రికవరీ కోడ్ ఇస్తుంది. అది లేకుండా బ్యాకప్ తెరుచుకోదు, సిగ్నల్ వాళ్లూ తెరవలేరు. పిన్ రాసిన డైరీలోనే అదీ రాయండి.

మనుషులను తీసుకురావడం

యాప్ పెట్టడం ఒక సాయంత్రం పని. మనుషులను మార్చడం నెల పని. చాలా ప్రయత్నాలు ఇక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే ఒక ఆదివారం పొద్దున్న "రేపటి నుంచి వాట్సాప్ బంద్" అని చెప్పేస్తారు. అలా చేయకండి.

మొదటి వారం కమిటీ వాళ్లు మాత్రమే వాడండి. రెండో వారం నుంచి ప్రతి నోటీసు ముందు సిగ్నల్‌లో, గంట తర్వాత వాట్సాప్‌లో పెట్టండి. నీళ్లు ఎప్పుడొస్తాయో గంట ముందు తెలిసే చోటికి జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. అంతస్తుకు ఒక కాలేజీ పిల్లనో పిల్లాడినో ఒప్పించి, ఆ అంతస్తులో పెద్దవాళ్ల ఇంటికి వెళ్లి కూర్చుని పెట్టించమనండి. తలుపు కొట్టి "అత్తయ్య గారూ, ఒక్క పది నిమిషాలు కూర్చుంటానండి" అంటే కాదనేవాళ్లు తక్కువ. వాళ్ల ముందే ఒక మెసేజ్, ఒక ఫొటో, ఒక వీడియో కాల్ చేయించాలి. యాప్ భాష తెలుగుకు మార్చి చూపించండి.

"ఉన్నదానికి ఏమొచ్చింది బాబూ?" అని అడుగుతారు. దానికి ప్రైవసీ పాలసీల కథ చెప్పకండి. "మీ నంబరు ఎవరికీ కనిపించదు, నోటీసులు విడిగా ఉంటాయి, ప్రకటనలు రావు" అని చెప్పండి, చాలు. వాట్సాప్ తీసేయమని అస్సలు అడగొద్దు. మనవడు కెనడా నుంచి ఫోన్ చేసేది దాంట్లోనే. ఫోన్లో జాగా లేదంటే ఫార్వర్డ్ వీడియోలు ఏవి తీసేయాలో పక్కన కూర్చుని చూపిస్తే సమస్య అక్కడే తీరుతుంది.

కొందరు చేరరు. బటన్ ఫోన్ వాడేవాళ్లు చేరలేరు. నోటీసు కాగితం కింద గోడ మీద అంటించడం మానకండి. ఏ యాప్‌కు మారినా ఆ గోడ కాగితం ఉండాలి.

నెల తర్వాత పాత గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చి, కొత్త లింక్ డిస్క్రిప్షన్‌లో పెట్టి వదిలేయండి. అంతకుముందు పాత గ్రూపులో ఎక్స్‌పోర్ట్ చాట్ అన్న ఏర్పాటుతో మెసేజ్‌లను ఒక ఫైల్‌గా తీసి కమిటీ దగ్గర ఉంచండి. అందులో బిల్లులు, కొటేషన్లు, తీర్మానాల ఫొటోలు ఉంటాయి. అవి ఏ చాట్‌లోనూ ఉండాల్సినవి కావు. విడిగా ఒక ఫోల్డర్‌లో, ఏడాది వారీగా పెట్టండి.

పనులు ఎక్కువ ఉన్న బృందానికి జూలిప్

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తీరం శుభ్రం చేసే కుర్రాళ్లు ఉన్నారనుకోండి. ఒకే గ్రూపులో వచ్చే ఆదివారం సాగర్ నగర్‌లో కలవడం, చేతి తొడుగులు ఎవరు కొంటారు, శీతాకాలంలో ఆలివ్ రిడ్లే తాబేలు గూడు కనిపిస్తే అటవీశాఖకు ఎవరు చెప్పాలి, కిందటి నెల ఖర్చు లెక్క ఇవన్నీ కలిసి నడుస్తాయి. రెండు రోజులు పరీక్షలు రాసి వచ్చిన అమ్మాయికి మూడు వందల మెసేజ్‌లు కనిపిస్తాయి. ఏది తనకు సంబంధించిందో తెలుసుకునే లోపు ఆదివారం దాటిపోతుంది.

జూలిప్‌లో ప్రతి మెసేజ్‌కూ ఒక చానల్, అందులో ఒక టాపిక్ ఉండాలి. "తీరం శుభ్రత" చానల్, "సాగర్ నగర్, ఆదివారం" టాపిక్. ఆ టాపిక్ మాత్రం పై నుంచి కింద దాకా చదివి, మిగతావి వదిలేయొచ్చు. పని ఐపోతే పరిష్కారమైందని గుర్తు పెట్టొచ్చు, పేరు పక్కన టిక్ వస్తుంది. మొదట్లో టాపిక్ పేరు రాయడం బరువుగా అనిపిస్తుంది. మొదటి రెండు వారాలు ఒకరు కూర్చుని తప్పు చోట పడ్డ మెసేజ్‌లను సరైన టాపిక్‌లోకి జరుపుతూ ఉండాలి. తర్వాత అందరికీ అలవాటవుతుంది. గ్రూప్ చాట్లలో ఇంత చక్కని ఏర్పాటు నేను ఇంకెక్కడా చూడలేదు.

జూలిప్ 2012లో మొదలైంది, డ్రాప్‌బాక్స్ కొన్నది, 2015లో కోడ్ మొత్తం బయటికి వచ్చింది. వాళ్ల సర్వర్ మీదే ఉచితంగా వాడుకోవచ్చు. ఉచిత ప్లాన్‌లో చివరి 10,000 మెసేజ్‌ల వరకే వెతకగలరు. సేవా సంస్థలకు, విద్యా సంస్థలకు రాయితీలున్నాయి, అడిగితే ఇస్తారు. రేపు సొంత సర్వర్‌కు వెళ్లాలనుకుంటే మొత్తం డేటా ఎగుమతి చేసి అక్కడ దించుకోవచ్చు. ఓపెన్ సోర్స్ విలువ అప్పుడు తెలుస్తుంది. ఒక సంగతి మరవొద్దు. దీనికి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు, సర్వర్ నడిపేవాళ్లకు మెసేజ్‌లు అందుబాటులో ఉంటాయి. ఆధార్ కాపీలు, ఆరోగ్య విషయాలు ఇందులో పెట్టొద్దు.

మ్యాట్రిక్స్, సొంత సర్వర్

మ్యాట్రిక్స్ అన్నది యాప్ పేరు కాదు, 2014లో మొదలైన ఒక పద్ధతి. ఈమెయిల్ లాగే ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోవచ్చు, ఒక సర్వర్ వాళ్లు ఇంకో సర్వర్ వాళ్లతో మాట్లాడొచ్చు. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 2019లో పెట్టుకున్న చాప్ (Tchap) అనే యాప్ దీని మీద నడిచేదే. జర్మనీ సైన్యం కూడా దీన్నే వాడుతోంది. అందరికంటే పేరున్న యాప్ ఎలిమెంట్, ఫ్లఫీచాట్, సినీ లాంటివి ఇంకా ఉన్నాయి.

మన దేశంలో ఉన్నవాళ్లు ఇక్కడ ఒకటి తెలుసుకోవాలి. 2023 మే నెలలో జమ్మూ కాశ్మీర్ భద్రతా కారణాలతో కేంద్ర ప్రభుత్వం 14 మెసేజింగ్ యాప్‌లను నిలిపివేసిందని వార్తలొచ్చాయి. ఆ జాబితాలో ఎలిమెంట్, బ్రయర్ అనే ఇంకో ఓపెన్ సోర్స్ యాప్ ఉన్నాయి. దీని మీద ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు కేరళ హైకోర్టుకు వెళ్లారు. అందుకే మీ సంస్థ అంతటినీ ఎలిమెంట్ మీదకు తెచ్చే ముందు, ఆ రోజున దాని పరిస్థితి ఏమిటో చూసుకుని, కమిటీలో చెప్పి, తీర్మానం రాసుకుని మొదలుపెట్టండి. ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థ ఐతే ఇది ఇంకా ముఖ్యం.

వాడేవాళ్లకు ఒకటే సూచన: రికవరీ కీ. కొత్త ఫోన్‌లో లాగిన్ అయినప్పుడు అది లేకపోతే పాత మెసేజ్‌లు తాళం పడ్డట్టు కనిపిస్తాయి. అకౌంట్ తెరిచిన రోజే రాసి పెట్టించండి.

ఇక సొంత సర్వర్ గురించి. మ్యాట్రిక్స్‌కు సినాప్స్ అనే సర్వర్ ప్రోగ్రాం, జూలిప్‌కు జూలిప్ సర్వరే. రెండూ ఉబుంటు లినక్స్ మీద నడుస్తాయి, జూలిప్‌కు చిన్న బృందమైతే 2 జీబీ ర్యామ్ నుంచి మొదలుపెట్టొచ్చు. లినక్స్ తెలిసిన ఇంజనీరింగ్ విద్యార్థికి వారాంతంలో ఐపోయే పని. కష్టం ఆ తర్వాత ఉంటుంది, అందుకని ఇవి ముందే తేల్చుకోండి.

డొమైన్ పేరు (సర్వర్‌కు ఇంటర్నెట్‌లో ఉండే చిరునామా), సర్వర్ అకౌంట్ సంస్థ ఈమెయిల్ మీద ఉండాలి, సంస్థ డబ్బుతో కట్టాలి. మన ఊళ్లో సర్వర్ పెట్టిన కుర్రాడు ఏడాది తిరిగేసరికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగానికి వెళ్లిపోతాడు. వెళ్లకూడదని ఎవరూ అనరు. డొమైన్ అతని సొంత కార్డు మీద ఉంటే మాత్రం, రెన్యువల్ రోజున గ్రూపు మొత్తం మాయమవుతుంది. పాస్‌వర్డ్‌లు తెలిసినవాళ్లు ఇద్దరుండాలి, పని చేయించే తీరు తెలుగులో రెండు పేజీలు రాసి ఉండాలి.

సర్వర్‌ను ఆఫీసు గదిలో ఇన్వర్టర్ కింద పెట్టకండి. ముంబైలో ఉన్న ఏదైనా డేటా సెంటర్‌లో అద్దెకు తీసుకోండి. తుఫాను వచ్చినప్పుడు సభ్యులూ సర్వర్ ఒకే ఊళ్లో చిక్కుకుంటే పనికి రాదు. బ్యాకప్ ఇంకో చోట ఉండాలి. మూడు నెలలకోసారి ఆ బ్యాకప్ నుంచి నిజంగా మెసేజ్‌లు తిరిగి వస్తున్నాయో లేదో వేరే కంప్యూటర్‌లో వేసి చూడండి. భద్రతా అప్‌డేట్ వచ్చిన వారంలోనే వేయగలిగే మనిషి లేకపోతే సొంత సర్వర్ ఆలోచన మానుకుని, వాళ్ల సర్వర్ మీదే ఉండండి. వేళకు అప్‌డేట్ కాని సొంత సర్వర్ కంటే అదే మేలు.

జూలిప్ సొంత సర్వర్‌లో తెలుగు మెసేజ్‌లు బాగా వెతకాలంటే పీజీగ్రూంగా అనే అనుబంధం ఆన్ చేయమని అడగండి. మామూలుగా వచ్చే వెతుకులాట ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని చేసింది.

డెల్టా చాట్

చిన్న గుంపులకు ఇది ముచ్చటైన యాప్. లోపల నడిచేది ఈమెయిల్ పద్ధతే, పైకి మామూలు చాట్‌లా ఉంటుంది. ఫోన్ నంబరు అక్కర్లేదు, పేరు కొట్టి మొదలుపెట్టొచ్చు, ఒకరి క్యూఆర్ ఇంకొకరు స్కాన్ చేస్తే పరిచయం ఐపోతుంది. సిమ్ లేని ట్యాబ్‌లోనూ పనిచేస్తుంది, కాబట్టి ఇంట్లో పిల్లలకూ పనికొస్తుంది. దీని గ్రూపుల్లో అడ్మిన్ అంటూ ఉండరు. ఎవరైనా ఎవరినైనా చేర్చొచ్చు, తీసేయొచ్చు. ఒకరినొకరు నమ్మే స్నేహితులకు, బంధువులకు హాయి. పార్కింగ్ గొడవలున్న అపార్ట్‌మెంట్‌కు తేవొద్దు.

తుఫాను వస్తే?

విశాఖలో గ్రూప్ చాట్ గురించి మాట్లాడితే ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడ తీరం దాటినప్పుడు కరెంటు, సెల్ టవర్లు రోజుల తరబడి పనిచేయలేదు. ఆ స్థితిలో సిగ్నల్, వాట్సాప్, జూలిప్ అన్నీ ఒకటే, ఏదీ పనిచేయదు. ఇంటర్నెట్ లేకుండా బ్లూటూత్ మీద, ఒకే వైఫై మీద మెసేజ్‌లు పంపే బ్రయర్ లాంటి ఓపెన్ సోర్స్ యాప్ ఉంది. కానీ ఫోన్లలో అది ఆండ్రాయిడ్‌కే, ముందే ఇన్‌స్టాల్ చేసి పరిచయాలు కలుపుకుని ఉండాలి, బ్లూటూత్, వైఫై అందే దూరం దాటితే ఇంటర్నెట్ కావాలి, పైన చెప్పిన 14 యాప్‌ల జాబితాలో అదీ ఉంది. దాన్ని నమ్ముకుని తుఫానుకు సిద్ధం కావొద్దు.

అక్టోబరు రాకముందే అసోసియేషన్ చేయాల్సింది వేరే. ఏ ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లున్నారు, ఎవరికి ఆక్సిజనో ఇన్సులినో కావాలి, దగ్గరి బంధువు నంబరు ఏమిటి, ఇవి కాగితం మీద రాసి సెక్రటరీ దగ్గర, వాచ్‌మన్ దగ్గర ఒక్కో కాపీ ఉంచాలి. ఇన్సులిన్ పెట్టడానికి జనరేటర్ లైన్ మీద ఒక ఫ్రిజ్ ఎవరింట్లో ఉందో తేల్చుకోవాలి. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం పట్టే బ్యాటరీ రేడియో ఒకటి ఉండాలి. నోటీసు బోర్డు గ్రూపులో తుఫాను ముందు రోజు పెట్టాల్సిన మెసేజ్ ఇప్పుడే రాసి ఉంచుకోండి: ట్యాంకు నింపడం, లిఫ్ట్ ఆపే సమయం, కార్లు చెట్ల కింద నుంచి తీయడం, కింద ఎక్కడ కలవాలి.

డబ్బు, నిర్వహణ

సిగ్నల్ ఉచితం కానీ నడపడం ఉచితం కాదు. 2025 నాటికి ఏడాదికి దాదాపు 5 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని 2023లో వాళ్లే లెక్క చెప్పారు. మనం కొట్టే ఓటీపీ ఎస్సెమ్మెస్‌లకు అయ్యేది కూడా అందులో పెద్ద వాటానే. ఎక్కువగా విరాళాల మీదే నడుస్తోంది. మీ అసోసియేషన్ ఏడాదికోసారి తోచినంత పంపే తీర్మానం చేయగలిగితే చేయండి, జూలిప్, డెల్టా చాట్ వాడేవాళ్లూ అంతే. మనకు పనికొచ్చేదాన్ని నిలబెట్టుకోవడం మన బాధ్యతే అని నేను నమ్ముతాను.

ఏ యాప్ ఐనా స్క్రీన్‌షాట్‌లను పూర్తిగా ఆపలేదు. "కలెక్టర్ గారి ఆదేశం" అని తిరిగే ఫార్వర్డ్‌నూ ఆపలేదు. జీవీఎంసీ పేరుతోనో జిల్లా యంత్రాంగం పేరుతోనో వచ్చినదాన్ని వాళ్ల అధికారిక ఖాతాలో చూశాకే నోటీసు బోర్డులో పెట్టాలని అడ్మిన్లు ముగ్గురూ ఒప్పందానికి రండి.

అద్దెవాళ్లు ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ బాకీ, గేటు తాళం, కార్ స్టిక్కర్ తీసుకున్నట్టే గ్రూపు పని కూడా ఆ రోజే చేసేయండి. రెండు గ్రూపుల్లోంచీ తీసేయండి, నోట్ పుస్తకంలో ఆ ఫ్లాట్ పేరు మార్చండి. గ్రూప్ లింక్ దగ్గర రీసెట్ అని ఉంటుంది, నొక్కితే పాత క్యూఆర్ పనిచేయదు. కొత్తది ప్రింట్ తీసి లిఫ్ట్ దగ్గర పాత కాగితం మీద అంటించండి.